శ్రీసభ వెలుపలివాళ్ళ గురించి పిల్లలకు ఏం చెబుతున్నాం? ఉపదేశులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు మేత్రాసనాల్లోని (డయోసీసుల్లోని) ఉపదేశులకు, ఆదివారం సత్యోపదేశం (క్యాటకిజం) చెప్పే సిస్టర్లకు, టీచర్లకు,

క్రీస్తునాథుని నామమున వందనాలు.

ఏ విచారణకు (పారిష్‌కు) వెళ్ళినా, సత్యోపదేశం క్లాసులో ఎవరో ఒక పిల్ల అడిగే ప్రశ్న ఉంది. "మా అమ్మమ్మ హిందువు కదా, ఆమె మోక్షానికి వెళ్తుందా?" దీనికి మనవాళ్ళు ఇచ్చే జవాబులు రెండు. కొందరు "శ్రీసభ (కతోలిక చర్చి) వెలుపల రక్షణ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ పిల్ల ఇంటికెళ్ళి, తనకు అన్నం కలిపి పెట్టే మనిషి నరకానికి పోతుందన్న భయంతో కూర్చుంటుంది. మరికొందరు గొడవెందుకని "దేవుడు ఒక్కడే, దారులే వేరు, మంచిగా బతికితే చాలు" అంటారు. అదే పిల్ల పెద్దయ్యాక "అలాగైతే నేను గుడిలో దివ్యబలి పూజకు రావడం ఎందుకు?" అని అడిగితే వాళ్ళ దగ్గర జవాబుండదు.

ఈ రెండూ శ్రీసభ బోధ కావు. రెండోది కాదని మీలో చాలామందికి తెలుసు. మొదటి మాటను అలా విరిచి చెబితే అదీ శ్రీసభ బోధ కాదని, ఆ సంగతి శ్రీసభే తన అధికారంతో చెప్పిందని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. నేను రాయదలచుకున్నది దాని గురించే.

మన దగ్గర ఇది పుస్తకాల్లో మిగిలిపోయే చర్చ కాదు. మన కుటుంబాల్లో ఒకే గడప లోపల జపమాల ఒక గోడకు, వెంకటేశ్వరస్వామి పటం ఇంకో గోడకు ఉన్న ఇళ్ళు కొల్లలు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు వచ్చి తలనీలాలు ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి, మరియమాతకు దండం పెట్టుకునేవాళ్ళలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందనివాళ్ళు ఎంతమందో మీరే చూస్తుంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సి కింద లెక్క. అందువల్ల సర్టిఫికెట్‌లో ఒక మతం, గుండెలో ఒక మతం పెట్టుకుని బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు లోపలా, వెలుపలా? వేలు చూపించి చెప్పే ధైర్యం నాకైతే లేదు. శ్రీసభకూ అంత తొందర లేదు. తొందరంతా మనదే.

అసలు ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడండి. మూడో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజుకు పునీత సిప్రియను పీఠాధిపతి (బిషప్). 250లో చక్రవర్తి డేషియస్ హింస మొదలుపెట్టాడు. ప్రాణభయంతో విశ్వాసం వదులుకున్నవాళ్ళను మళ్ళీ చేర్చుకోవాలా వద్దా అన్న తగాదాలో శ్రీసభ చీలిపోయే స్థితి వచ్చింది. రోములో నొవేషియన్ అనే గురువు (ప్రీస్టు) పోటీగా ఒక పీఠమే పెట్టేశాడు. శ్రీసభను తల్లిగా ఒప్పుకోనివాడికి దేవుడు తండ్రి కాలేడని సిప్రియను అన్నది ఆ గొడవల మధ్య. ఆయన ఎదురుగా ఉన్నది సువార్త ఎన్నడూ విననివాళ్ళు కాదు. లోపల ఉండి, తెలిసి తెలిసీ కుంపటి వేరు పెట్టుకున్నవాళ్ళు. పైగా "వెలుపల రక్షణ లేదు" అన్న వాక్యం ఉన్న అదే లేఖలో, జ్ఞానస్నానానికి సిద్ధమవుతూ అది పొందకముందే వేదసాక్షులుగా చనిపోయినవాళ్ళు తమ రక్తంతోనే జ్ఞానస్నానం పొందారని ఆయనే రాశాడు. ఈ రెండో సంగతి మన క్లాసుల దాకా ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

ఇంకో తమాషా. చీలిపోయినవాళ్ళిచ్చే జ్ఞానస్నానం చెల్లదని సిప్రియను పట్టుబట్టాడు. చెల్లుతుంది, వాళ్ళు తిరిగి వస్తే మళ్ళీ ఇవ్వక్కర్లేదని రోములో పోపు స్తెఫాను అన్నాడు. శ్రీసభ నిలబెట్టింది పోపు మాటనే. వెలుపల ఏమీ లేదని గట్టిగా చెప్పిన మనిషినే, వెలుపల కూడా క్రీస్తు పని జరుగుతుందని చెప్పి సరిదిద్దింది రోము పీఠం. నా వాదనకు ఇది చాలా ముఖ్యం కాబట్టి గుర్తుంచుకోండి.

మధ్యయుగాల్లో మాటలు కటువెక్కాయి. దాచాల్సిన పని లేదు. 1215 నాటి నాలుగో లాతరాను మహాసభ (పీఠాధిపతుల సర్వసభ), 1302లో ఫ్రాన్సు రాజుతో తగాదాలో ఉన్నప్పుడు ఎనిమిదో బోనిఫాసు పోపు ఇచ్చిన ప్రకటన, 1442లో ఫ్లోరెన్సు మహాసభ చేసిన ప్రకటన ఒకదాన్ని మించి ఒకటి కఠినంగా ఉంటాయి. అన్యులు, యూదులు, చీలినవాళ్ళు చనిపోయేలోగా శ్రీసభలో చేరకపోతే నిత్యాగ్నికి పోతారనే దాకా వెళ్ళింది ఫ్లోరెన్సు. సువార్త లోకమంతా వినిపించేసింది, ఇంకా బయట ఉన్నవాడు మొండితనంతోనే ఉన్నాడు అన్నది అప్పటి యూరపు క్రైస్తవుల ఊహ. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1492లో, కొలంబస్ ఓడలు అవతలి ఒడ్డుకు చేరాయి. క్రీస్తు పేరు వినే అవకాశమే లేకుండా తరతరాలు గడిచిన ఖండాలు ఉన్నాయని అప్పుడు తెలిసింది. మరి వాళ్ళ సంగతేమిటన్న ప్రశ్నను వేదాంతులు ఇక తప్పించుకోలేకపోయారు.

తప్పించుకోలేదు కూడా. నీతిమంతుడు కావడానికి జ్ఞానస్నానమైనా ఉండాలి, దానిని పొందాలన్న కోరికైనా ఉండాలి అని 1547లో ట్రెంటు మహాసభ చెప్పింది. 1713లో పదకొండో క్లెమెంటు పోపు ఫ్రాన్సులోని జాన్సెనిస్టులనే కఠినవాదుల బోధల్లో ఖండించినవాటిలో ఒకటి ఇది: శ్రీసభ వెలుపల ఏ కృపా దొరకదు. అవును, ఆ వాక్యాన్ని తప్పుబట్టింది రోమే. 1863లో తొమ్మిదో భక్తినాథ పోపు ఒకే లేఖలో రెండూ చెప్పాడు. శ్రీసభ వెలుపల రక్షణ లేదన్నది సత్యం. తన తప్పేమీ లేకుండా సత్యం తెలియక, దేవుడు మనసులో రాసిన ధర్మాన్ని పాటిస్తూ, దేవుడికి లోబడే మనసుతో బతికేవాడు దైవకృప వల్ల నిత్యజీవం పొందగలడన్నదీ సత్యం. ఒకటి పట్టుకుని రెండోది వదిలేసే హక్కు ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

ఇక అసలు కథ అమెరికాలో జరిగింది. బోస్టను పక్కనే కేంబ్రిడ్జిలో, హార్వర్డు విశ్వవిద్యాలయానికి దగ్గర్లో, 1940లలో సెయింట్ బెనెడిక్ట్ సెంటర్ అని ఒక కతోలిక కేంద్రం ఉండేది. దాని గురువు లెనార్డ్ ఫీనీ, యేసుసభ అనే గురువుల సభకు (జెస్యూట్లకు) చెందినవాడు. మంచి రచయిత, మాటకారి. చదువుకున్న యువకులు గుంపులుగా వచ్చేవాళ్ళు, జ్ఞానస్నానాలు తీసుకునేవాళ్ళు. అదే ఫీనీ క్రమంగా గట్టిపడ్డాడు. కతోలికుడిగా చనిపోనివాడికి రక్షణ లేదు, కోరికతో పొందే జ్ఞానస్నానం చాలదు, అలా కాదన్న పీఠాధిపతులు విశ్వాసాన్ని అమ్ముకుంటున్నారు అనడం మొదలుపెట్టాడు. తర్వాత తర్వాత బోస్టను కామన్ మైదానంలో ఆదివారాలు నిలబడి యూదులను తిట్టే దాకా వెళ్ళాడు.

1949 ఆగస్టు 8న రోములోని పవిత్ర కార్యాలయం (విశ్వాస బోధను కాపాడే విభాగం) బోస్టను అగ్రపీఠాధిపతి రిచర్డ్ కుషింగుకు ఒక లేఖ రాసింది. ఇది రెండవ వాటికన్ మహాసభకు పదేళ్ళకు పైగా ముందు, పన్నెండో భక్తినాథ పోపు కాలం. అంటే "మహాసభ వచ్చాకే అన్నీ సడలిపోయాయి" అనేవాళ్ళకు ఇక్కడ చోటు లేదు. శ్రీసభ వెలుపల రక్షణ లేదన్నది నమ్మి తీరాల్సిన సత్యమేనని ఆ లేఖ మొదటే ఒప్పుకుంది. దాన్ని శ్రీసభ ఏ అర్థంలో చెబుతుందో ఆ అర్థంలోనే తీసుకోవాలని, క్రీస్తు తన బోధను అప్పగించింది మనుషుల సొంత తీర్పులకు కాదని, శ్రీసభ బోధనాధికారానికి అని వెంటనే చెప్పింది. ఆ అర్థం ఏమిటో కూడా వివరించింది. రక్షణకు ప్రతిసారీ శ్రీసభలో పేరు నమోదైన సభ్యుడై ఉండాలని లేదు. కోరికతోనైనా శ్రీసభతో కలిసి ఉండాలి. తెలియని స్థితిలో ఉన్నవాడికి ఆ కోరిక మాటల్లో బయటపడనక్కర్లేదు, దేవుడి చిత్తానికి తన చిత్తాన్ని ఒప్పగించిన మనసులోనే అది దాగి ఉండొచ్చు. అయితే ఊరికే కోరిక కూడా సరిపోదు, అందులో విశ్వాసం, సంపూర్ణమైన దైవప్రేమ ఉండాలి.

ఫీనీ వినలేదు. యేసుసభ ఆయన్ని బయటకు పంపింది. రోముకు రమ్మంటే వెళ్ళలేదు. 1953 ఫిబ్రవరిలో వెలివేశారు, అవిధేయత కారణంగా. శ్రీసభ అధికారానికి లోబడనివాడికి రక్షణ లేదని ఊరంతా చాటిన మనిషి, శ్రీసభ అధికారానికి లోబడక శ్రీసభ వెలుపలికి వెళ్ళాడు! దాదాపు ఇరవై ఏళ్ళు అలాగే ఉండి, 1972లో సమాధానపడి, 1978లో కన్నుమూశాడు. చివరికి లోపలికి వచ్చాడు కాబట్టి సంతోషమే.

పేరు తెలియకపోయినా మనలో ఫీనీలు ఉన్నారు. మా అమ్మ తరఫు చుట్టాల్లో సగం మంది హిందువులే. అలాంటి ఒక ఇంట్లో శవం ఇంకా వాకిట్లో ఉండగా, ప్రార్థన చెప్పడానికి వచ్చిన ఒకాయన "జ్ఞానస్నానం తీసుకోమని ఎన్నిసార్లు చెప్పాం, ఇప్పుడేం లాభం" అని పిల్లల ముందే అన్నారు. ఆయన దుర్మార్గుడేం కాదు. బోధకు నమ్మకంగా ఉంటున్నానే అనుకున్నారు. కానీ ఒక మనిషి నరకానికి పోయిందని చెప్పే అధికారం శ్రీసభ తన దగ్గరే పెట్టుకోలేదు. పునీతులుగా ఎందరినో ప్రకటించింది గాని, ఫలానావాడు నరకంలో ఉన్నాడని పేరుపెట్టి ఎన్నడూ ప్రకటించలేదు. శ్రీసభ చేయని పని ఉపదేశి చేయొచ్చా?

1964 నవంబరు 21న వెలువడిన రెండవ వాటికన్ మహాసభ పత్రం, శ్రీసభ గురించినది, అందరూ తిరగేయాల్సినది. మన చర్చల్లో దాని 16వ పేరా ఒకటే వినిపిస్తుంది. తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్ళు, నిజమైన మనసుతో దేవుణ్ణి వెతుకుతూ, అంతరాత్మ చెప్పినట్టు ఆయన చిత్తం చేయడానికి కృప సాయంతో ప్రయత్నిస్తే, వాళ్ళూ నిత్యరక్షణ పొందగలరు అన్న పేరా అది. ఎంతో ఊరటనిచ్చే మాట. కానీ దానికి రెండు పేరాల ముందు, 14లో ఉన్నది నన్ను ఎక్కువ భయపెడుతుంది. కతోలిక శ్రీసభను క్రీస్తు ద్వారా దేవుడే అవసరమైనదిగా స్థాపించాడని తెలిసి కూడా లోపలికి రావడానికి, లోపల నిలవడానికి నిరాకరించేవాడు రక్షణ పొందలేడు. అక్కడితో ఆగలేదు. లోపల ఉండి ప్రేమలో నిలవనివాడు, శ్రీసభ ఒడిలో దేహంతో ఉండి హృదయంతో లేనివాడు, వాడికీ రక్షణ లేదు. మన స్థితి మన గొప్పతనం కాదు, క్రీస్తు కృప. దానికి తగ్గట్టు బతకకపోతే మనమీద తీర్పు ఇంకా కఠినం అని కూడా అక్కడే ఉంది.

అంటే ఆ పాత వాక్యంలోని పదును ఇప్పుడు ఎవరివైపు తిరిగింది? వీధి చివర తులసికోటకు నీళ్ళు పోసే ముసలమ్మవైపు కాదు. ముందు బెంచీలో కూర్చుని, సత్ప్రసాదం తీసుకుని, బయటికొచ్చాక కులం చూసి పలకరించే మనవైపు. మన శ్రీసభలో కుల వివక్ష ఉందని 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్యే తన దళిత విధాన పత్రంలో ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ అయినప్పుడు, మొదటి తెలుగువారు, మొదటి దళితులు అని అందరం టపాకాయలు కాల్చాం. సరే, మంచిదే. మరి పెళ్ళి సంబంధాల దగ్గరా? "దేహంతో లోపల, హృదయంతో వెలుపల" అనే పాఠానికి ఉదాహరణలు వెతకడానికి టీచర్లు దూరం వెళ్ళనక్కర్లేదు.

ఇప్పుడు రెండో గుంపుతో ఒక మాట. అన్ని దారులూ ఒకటే అనేవాళ్ళు 16వ పేరాను తమకు సాక్ష్యంగా తెస్తారు. అది చెల్లదు. 2000 ఆగస్టులో, అప్పటికి కార్డినల్ రాట్జింగర్ అధిపతిగా ఉన్న విశ్వాస సిద్ధాంత విభాగం ఒక ప్రకటన ఇచ్చింది. మన దేశంలో చాలామందిని అది నొప్పించింది. భాష కరుకే, కాదనను. అన్యమతాల వాళ్ళకు దైవకృప అందుతుందని ఒప్పుకుంటూనే, శ్రీసభలో ఉన్న రక్షణ సాధనాల సంపూర్ణత వాళ్ళకు లేదని, క్రీస్తు ఒక్కడే రక్షకుడని, ఇంకో రక్షణ మార్గం సమాంతరంగా లేదని చెప్పింది. మన దేశంలో మూడు దశాబ్దాలకు పైగా ఉండి పాఠాలు చెప్పిన బెల్జియం యేసుసభ గురువు జాక్ డుప్యూయీ రాతలపై కూడా 2001లో అదే విభాగం జాగ్రత్తలు చెప్పింది. ఆయన విశ్వాసాన్ని కాదనలేదు గాని, పాఠకులు పొరపడే చోట్లు ఉన్నాయంది. హిందువు రక్షణ పొందితే అది క్రీస్తు వల్లే, ఏదో రకంగా ఆయన దేహమైన శ్రీసభతో ముడిపడే. శ్రీసభ మాట అది. హిందువులకు ఇది పొగరుగా వినిపించవచ్చు. వినిపిస్తుందని తెలిసే, మర్యాదగా చెప్పాలి. మర్యాద కోసం మింగేయకూడదు.

"మరి తెలియకుండా ఉండటమే మేలు కదా, చెప్పి ఇరికించడం ఎందుకు?" అని తెలివైన పిల్లలు అడుగుతారు. మన డెల్టా ఊళ్ళ పిల్లలకైతే నేను కాలువ గురించి చెబుతాను. కాలువ లేని మెట్ట ఊరి రైతుకు వాన కురిపించి పంట ఇవ్వడం దేవుడి చేతిలో పని. అందుకని కాలువ గట్టున పొలం ఉన్నవాడు తూము మూసేసి ఆకాశం వంక చూస్తూ కూర్చుంటే ఆ ఎండిపోయిన చేను ఎవరి పాపం? ఇదే సంగతిని 'కతోలిక శ్రీసభ సత్యోపదేశం' గ్రంథం 1257వ పేరాలో సూటిగా చెబుతుంది: దేవుడు రక్షణను జ్ఞానస్నానానికి కట్టాడు, తాను మాత్రం తన సంస్కారాలకు కట్టుబడి లేడు. అపోస్తలుల కార్యాల పదో అధ్యాయం కూడా చదివించండి. శతాధిపతి కొర్నేలి అన్యుడు. అతడి ప్రార్థనలు, దానధర్మాలు దేవుడి సన్నిధికి చేరాయని దూత చెప్పాడు. దేవుడికి పక్షపాతం లేదని పేతురే అన్నాడు. అయినా "నువ్వు ఇలాగే బాగున్నావు" అని చెప్పి వెళ్ళిపోలేదు. క్రీస్తును ప్రకటించి, జ్ఞానస్నానం ఇప్పించాడు.

మన పక్కింటి పెంతెకోస్తు సోదరులు వేసే ప్రశ్న కూడా ఇక్కడే తేలాలి: "మిమ్మల్ని రక్షించేది యేసా, మీ సభా?" చాలామంది కతోలికులు ఇక్కడ తడబడి గొడవకు దిగుతారు. రక్షించేది యేసే. శ్రీసభ రెండో రక్షకురాలు కాదు. ఆయన శిరస్సు, ఆమె దేహం. ఆయన వాక్కు, సంస్కారాలు మన దాకా వచ్చింది ఆమె చేతుల మీదుగా. ఆ సోదరులూ క్రీస్తులో జ్ఞానస్నానం పొందినవాళ్ళేనని, వాళ్ళ సంఘాలను కూడా క్రీస్తు ఆత్మ రక్షణకు వాడుకుంటున్నాడని క్రైస్తవ ఐక్యతపై 1964లోనే మహాసభ చెప్పింది కాబట్టి, ఆ గొడవ మనం మొదలుపెట్టనక్కర్లేదు. బోధనాధికారం కూడా దేవుడి వాక్కు మీద పెత్తనం కాదు, దానికి సేవ అని 1965లో దైవావిష్కరణపై ఇచ్చిన పత్రం పదో పేరాలో ఉంది. పోపుకే ఆ హద్దు ఉంటే, ఉపదేశికి ఎంత ఉండాలి!

నేను అడిగేవి పెద్ద పనులు కావు. కతోలిక శ్రీసభ సత్యోపదేశంలోని 846, 847, 848 పేరాలను విడదీయకుండా ఒకే క్లాసులో చెప్పండి. మొదటిది శ్రీసభ అవసరం గురించి, రెండోది తెలియనివాళ్ళ గురించి, మూడోది సువార్త ప్రకటించే బాధ్యత గురించి. అవి పక్కపక్కన పెట్టింది ఊరికే కాదు. పునీత శుక్రవారం సాయంత్రం క్రీస్తును నమ్మనివాళ్ళ కోసం, దేవుణ్ణే నమ్మనివాళ్ళ కోసం శ్రీసభ విడివిడిగా ప్రార్థిస్తుందని పిల్లలకు చూపించండి. పూజ పుస్తకంలోని నాలుగో స్తోత్రబలి ప్రార్థనలో, ఎవరి విశ్వాసం దేవుడికి మాత్రమే తెలుసో ఆ మృతులందరినీ గురువు తలచుకుంటాడు. ఆ వాక్యం వచ్చినప్పుడు ఒక్కసారి చెవి పెట్టమనండి.

ఇంకొకటి, మన జనానికి దాదాపుగా తెలియనిది. శ్రీసభ చట్టం 901వ నిబంధన ప్రకారం గురువు బతికున్నవాళ్ళలో, చనిపోయినవాళ్ళలో ఎవరి కోసమైనా పూజ అర్పించవచ్చు. ఎవరి కోసమైనా. హిందూ మేనత్త పేరున పూజ చెప్పించుకోవచ్చా అని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి సిగ్గుపడేవాళ్ళను నేను చూశాను. నవంబరు 2, సమాధుల పండుగ ముందు ఆదివారం ఈ సంగతి ప్రకటనల్లో చెప్పించండి. ఫాదర్‌గారికి అభ్యంతరం ఉండదు.

భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) సిద్ధం చేసే పాఠాల్లో దీనికి ఒక పూర్తి పాఠం పెట్టాలని మన మేత్రాసనాల సత్యోపదేశ విభాగాలను కూడా కోరుతున్నాను. ఈ లేఖలో నేను చెప్పింది సరికాదనుకునేవాళ్ళు తప్పకుండా జవాబు రాయండి. కాకపోతే 1964 నాటి ఆ మహాసభ పత్రంలోని 14, 16 పేరాలు రెండూ చదివాకే రాయండి.

ఇట్లు,
సత్యోపదేశం చెప్పిన ఒక విచారణ విశ్వాసి